లేబర్ రూమ్ ఇన్‌చార్జి నాకిచ్చిండ్రు, మెత్తగుంటె నడుస్తదా? అనుభవమున్నోళ్లు చెప్పుండ్రి

పాలమూరు_సిస్టర్
అక్కలకు చెల్లెండ్లకు నమస్తే. పదకొండేండ్ల సర్వీసు నాది, పోయిన నెల లేబర్ రూమ్ ఇన్‌చార్జి తెచ్చి నా నెత్తిన వెట్టిండ్రు. ముంగట ఉన్న మేడం పనిమంతురాలే గని హ్యాండోవర్ అప్పుడు పేషెంట్ల అటెండర్ల ముంగటనే చిన్న సిస్టర్లను తిట్టేది, నేను గూడ ఆమె కింద బాత్రూంల పోయి ఏడ్చినదాన్నే, గందుకే గట్ల ఉండొద్దని ఒట్టు వెట్టుకున్న. ఇప్పుడు మూడు ముచ్చట్లు అడగాలె. మొన్న నైట్‌ల ఒకామెకు కడుపుల్నే బిడ్డ పోయింది, కాన్పు జేసిన పిల్ల డ్యూటీల చేరి ఏడాది గాలె, గప్పటి సంది ఎవ్వరితోని మాట్లాడ్తలేదు, ఏం జేయాలె? రెండోది, తప్పు జేస్తె మెమో ఇయ్యాల్నా, కూసోవెట్టి చెప్పాల్నా? మూడోది డ్యూటీ చార్ట్. సద్దుల బతుకమ్మ రాత్రికి అందరు ఆఫ్ అడిగిండ్రు, ఎవ్వరి మాట తీసెయ్యలేక నైట్‌ల నా పేరే రాసుకున్న. మా ఆయన నీకేమన్న పిచ్చా అన్నడు.

సూర్యాపేట_అక్క
మీ ఆయన మాటే రైటు. ఒక్కసారి రాసుకున్నవంటె ఇగ ఏటా నీకే. నేను ఇన్‌చార్జి ఉన్నప్పుడు రెండేండ్లు గిట్లనే మంచిగున్న, మూడో ఏడు దసరాకు ఆరుగురు ఒకటేసారి సిక్ పెట్టిండ్రు, ఆరుగురికి ఒకటే డాక్టరు సర్టిఫికెట్, ఆరుగురికి ఒకటే వాంతులు విరేచనాలు. మెత్తనోళ్లను జూస్తె మొత్తబుద్ధయితదని పెద్దలు ఊకె అనలే.

మిర్యాలగూడ_మేరీ
సద్దుల రాత్రి పద్నాలుగేండ్లు నేనే చేసిన. "నువ్వు చర్చికి పోతవ్ గదా, నీకేం బతుకమ్మ" అని నన్ను అడగకుండనే చార్ట్‌ల రాసేటోళ్లు. సరే, చేసిన. మరి డిసెంబర్ 24 రాత్రి నా బదులు ఎవరన్న నిలవడ్డరా? పద్నాలుగేండ్లల్ల ఒక్కసారి, గది గూడ ఆ పిల్లకు జనవరి ఒకటి ఆఫ్ కావాలని.

గునుగుపువ్వు
మేరీ అక్కా బతుకమ్మకు మతం అంటగట్టకు. ఆడిబిడ్డ ఏడాదికొక్కసారి తల్లిగారింటికి పోయే పండుగ అది.

మిర్యాలగూడ_మేరీ
నేను అంటగట్టలే తల్లీ, చార్ట్ రాసినోళ్లు అంటగట్టిండ్రు. మల్లొకసారి సదువు.

గునుగుపువ్వు
మేము గూడ రంజాన్‌కు వేరేటోళ్ల డ్యూటీలు చేసినం, లెక్క చెప్పుకుంట తిరుగుతలేం.

దేవరకొండ_తండా
అసలు సద్దులు అందరికి ఒక్క రోజే గాదు గదా. కొన్ని ఊర్లల్ల ఏడొద్దులకు, కొన్నిట్ల తొమ్మిదొద్దులకు. మా ఇన్‌చార్జి అక్క నెల ముందుగాల్నే ఏ ఊరోళ్లకు ఏ రోజని అడిగి కాయితం మీద రాసుకుంటది, సగం లొల్లి గక్కడ్నే పోతది. మా లంబాడోళ్ల తీజ్ పండుగకు ఆఫ్ ఎవ్వరియ్యరు, అది వేరే ముచ్చట.

సూర్యాపేట_అక్క
తొమ్మిదొద్దులే అసలుది. ఏడొద్దుల సద్దులు ఎక్కడియి?

దేవరకొండ_తండా
వేములవాడ దిక్కు పోయి అడుగు.

ఎమ్మెస్సీ_ట్యూటర్
చర్చ ఎక్కడో మొదలై ఎక్కడికో పోతోంది. నాది ఎమ్మెస్సీ నర్సింగ్, స్పెషాలిటీ ఓబీజీ, అంటే కాన్పులు, స్త్రీల జబ్బులు, పన్నెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను కాబట్టి ఒక మాట. కరుణ ఉన్న నాయకత్వం అంటే ఆఫ్‌లు పంచిపెట్టడం కాదు. బ్రిటన్‌లో మైఖేల్ వెస్ట్ అనే ప్రొఫెసర్ దీన్ని నాలుగు పనులుగా చెప్పారు. మనసు పెట్టి వినడం, ఇబ్బంది ఎక్కడుందో అర్థం చేసుకోవడం, ఆ బాధ మనకూ తగలడం, ఆ తర్వాత చేతనైన సాయం చేయడం. మన ఇన్‌చార్జులు మొదటి మూడూ వదిలేసి నాలుగోది మొదలుపెడతారు, అందుకే ఇలా పండగ రాత్రి తమ పేరు రాసుకుంటారు. నా స్టూడెంట్లు ఇవాళ మూడు జిల్లాల్లో ఇన్‌చార్జులుగా ఉన్నారు.

నైట్_డ్యూటీ
నాలుగు పనులు బాగున్నయ్ మేడం, ముందుగాల నలుగురు సిస్టర్లను పంపియ్యుండ్రి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కల మామూలు దవాఖానల ఐదుగురికి ఒక నర్సు ఉండాలె. నిన్న రాత్రి బాలింతల వార్డుల 42 మందికి మేమిద్దరం. ఒకామెకు బ్లీడింగ్, ఒక బిడ్డ పాలు వడ్తలేదు, ఇంకొకామె మొగడు తాగొచ్చి గేటు కాడ లొల్లి. మా ఇన్‌చార్జి మంచిదే, వినెటందుకు ఆమెకు టైమేది? 2017ల కేసీఆర్ కిట్ వచ్చినంక మొగపిల్లగాడైతె 12 వేలు, ఆడపిల్లయితె 13 వేలు అని జనం సర్కారు దవాఖానకు మల్లిండ్రు, మంచిదే, కాన్పులు పెరిగినయ్, మా తలకాయల లెక్క మాత్రం పెరగలే.

కాంట్రాక్ట్_బతుకు
ఆ ఇద్దరిట్ల ఒకరు మా అసోంటోళ్లే. మీకు బతుకమ్మనా క్రిస్మసా అని పంచాయతి, మాకు జీతం ఎప్పుడు వడ్తదో తెల్వది.

వనపర్తి_వనిత
మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ ఎవరికన్న కావాల్నా? నాది వనపర్తి, నల్లగొండ దిక్కు రావాలె.

రిటైర్డ్_హెడ్‌నర్సు
మెమో ముచ్చట ఒక్కలు చెప్తలేరు. నేను చెప్త. నాకు తెలిసిన ఒక దవాఖానల ఒక పిల్ల అర్ధరాత్రి మూడు కాన్పులు ఒకటెనక ఒకటి చేసి ఒక బిడ్డకు లోపల రక్తం గారకుండ పుట్టంగనే ఇచ్చే విటమిన్ కె సూది ఇయ్యకుండనే కేస్‌షీట్‌ల ఇచ్చినట్టు రాసింది. పొద్దుగాల తనకే యాదికొచ్చింది గని ముంగటి నెలల ఇంకొకామెకు గిసోంటి దానికే మెమో ఇచ్చి సూపరింటెండెంట్ ముంగట నిలవెట్టిండ్రు, ఆ భయానికి ఇంటికి పోయింది. మధ్యాన్నం వండిన అన్నం తినక వాపస్ వచ్చి నాకు చెప్పింది. ఒక మిల్లీగ్రాము సూది, ఇచ్చినం, షీట్‌ల టైం దిద్ది ఇద్దరం సంతకం వెట్టినం. ఆ పిల్లను నేను ఒక్క మాట అనలే. గసోంటి చెప్పిన మనిషిని తిడితె రేపు ఎవ్వరు చెప్పరు, గప్పుడు బిడ్డకు లోపల రక్తం గారినంక మనకు తెలుస్తది. గని రోజు ఆలస్యమొచ్చి రోజుకొక కత జెప్పెటోళ్లకు మెమో ఇచ్చిన, ఎన్నడు బాధపడలే.

ఆఫీసర్_2022
అక్కా హెడ్‌నర్సు అనొద్దు, ఇప్పుడు సీనియర్ నర్సింగ్ ఆఫీసర్. స్టాఫ్ నర్సు గూడ లేదు, నర్సింగ్ ఆఫీసర్. మనమే అనకుంటె జనం ఏమంటరు?

రిటైర్డ్_హెడ్‌నర్సు
నేను దిగిపోయిన దినం వరకు హెడ్‌నర్సునే బిడ్డా. నొప్పుల మీద ఉన్నామె "సిస్టరమ్మా" అని పిలిస్తె ఆఫీసర్ అను అని దిద్దుతవా?

ఆఫీసర్_2022
అది వేరు ఇది వేరు. మర్యాద మనకు ముందుగాల మన కాడ్నే మొదలుగావాలె.

మిడ్‌వైఫ్_చెల్లె
పేరు ముచ్చట్ల మా గోస ఎవరికి వినవడదు. పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్ చేసిన నేను. 2017ల కరీంనగర్‌ల ముప్పై మందితోని షురువైన ట్రైనింగే. నొప్పులప్పుడు నడవనియ్యాలె, నీళ్లు తాగనియ్యాలె, పక్కన ఒక మనిషిని ఉండనియ్యాలె అని నేర్పిండ్రు, తోడు మనిషి ముచ్చట లేబర్ రూమ్‌ల కోసం కేంద్ర సర్కారు తెచ్చిన లక్ష్య గైడ్‌లైన్స్‌ల గూడ ఉంది. వాపస్ వచ్చి నడిపిస్తుంటె ఇన్‌చార్జి మేడం "సర్కస్ పెట్టినవా, టేబుల్ మీద పండవెట్టు" అన్నది, ఆ తల్లి ముంగటనే. ఆ తర్వాత వచ్చిన ఇన్‌చార్జి ఏం భాషణం ఇయ్యలే. బొంబాయి పనికి పోయి వారం కిందనే వచ్చిన ఒకామె, కార్డు లేదు రిపోర్టులు లేవు, పండుకోనంటె పండుకోనన్నది. మేడం డోర్ కాడ కుర్చీ ఏసుకొని కూసున్నది, ఆయాలు "ఒర్రకు" అని రాబోతె చెయ్యి అడ్డం వెట్టింది. కూసున్నట్టే కాన్పయింది, కుట్టు లేకుండ. ట్యూటర్ మేడం, గా కుర్చీ మీ నాలుగిట్ల ఎన్నోది?

ఎమ్మెస్సీ_ట్యూటర్
వ్యంగ్యం అక్కర్లేదు. నాలుగూ అందులోనే ఉన్నాయి.

పాలమూరు_సిస్టర్
అందరు మంచిగ చెప్పిండ్రు గని నా మొదటి ప్రశ్న అందరు దాటేసిండ్రు. ఆ పిల్ల ఇయ్యాల గూడ అన్నం డబ్బ తెరవలే.

కాంట్రాక్ట్_బతుకు
అక్కా నాకు గట్లనే అయింది, మొదటి ఏడు. బిడ్డను తుడిచి గుడ్డల సుట్టి తల్లికి ఇచ్చేటప్పుడు నా చేతులు వణికినయ్. మా ఇన్‌చార్జి పక్కకొచ్చి నిలవడ్డది, తల్లికిచ్చినంక రిజిస్టర్ నా చేతులకెల్లి తీసుకొని తనే రాసింది. నీ తప్పు లేదు అని గూడ అనలే, అట్లంటె నేను నమ్మకపోదును. క్యాంటీన్‌ల చాయ తాగినం, వాళ్ల బిడ్డ పెండ్లి ముచ్చట చెప్పింది. కేస్‌షీట్ ముంగటేసుకొని హార్ట్‌బీట్ ఎప్పుడెప్పుడు చూసినవని తెల్లారి అడిగింది, ఒక్కొక్కటి సదివినం, నేను చూడాల్సినయన్ని చూసిన్ననే తేలింది. ఇంకో మూడు రోజులు నా డ్యూటీలన్ని ఆమె డ్యూటీల తోనే ఏసింది. నాకు ఆఫ్ ఇచ్చి ఇంటికి పంపితె మల్ల రాకపోదును.

మిర్యాలగూడ_మేరీ
అవును. ఆఫ్ ఇయ్యకు. ఇంట్ల ఒక్కతె కూసుంటె అదే కండ్లల్ల తిరుగుతది.

సూర్యాపేట_అక్క
ఒక్కలకు గట్ల ఏస్తె మిగిలినోళ్లు నాకెందుకెయ్యలే అంటరు, చూడు.

పాలమూరు_సిస్టర్
అననీ. ఇప్పుడే ఆ పిల్లకు ఫోన్ చేసిన, వాళ్లమ్మ ఎత్తింది, పండుకున్నదట. ఎల్లుండి దాని నైట్ తీసేసి నాతోని మార్నింగ్ ఏస్తున్న. ఆ నైట్‌కు ఎవర్ని రాయాల్నో తెలుస్తలేదు, చార్ట్ మల్ల మొదటికొచ్చింది. మేరీ అక్కా, నువ్వు మా దవాఖానల లేవు గని డిసెంబర్ 24 గడి మాత్రం ఇప్పుడే పెన్సిల్‌తోని గుర్తు వెట్టిన, మా కాడ గూడ ఇద్దరు చర్చికి పోయెటోళ్లున్నరు.