దంతవైద్యుల విందులో కిళ్లీ స్టాల్ ఉండాలా?

విజయవాడ, సొంత క్లినిక్:
వచ్చే నెల మన దంతవైద్యుల శాఖ సదస్సు ముగిశాక రాత్రి విందు ఉంది. పేరు నమోదు చేసుకునేటప్పుడు అడిగింది ఒక్కటే: శాకాహారమా, మాంసాహారమా? అడగాల్సిందే. శాకాహారులకు బల్లలూ గరిటెలూ వేరుగా ఉండి తీరాలి. నా అభ్యంతరం కేటరింగ్ జాబితాలో చివరనున్న రెండింటి మీద: కూల్‌డ్రింకులు, కిళ్లీ స్టాల్. పగలు వేదికపై నోటి క్యాన్సర్ గురించి చెప్పి, రాత్రికి మనమే వక్క పంచుతామా? రెండూ తీసేయాలంటాను.

గుంటూరు, సీనియర్:
డాక్టర్ గారూ, ఏడాదికోసారి కుటుంబాలతో కలిసే విందు ఇది. భోజనం తర్వాత తాంబూలం ఇవ్వడం మన మర్యాద. ఒక్క కిళ్లీకి ఎవరికీ రోగం రాదు. ఇలాగే సాగితే రేపు డబుల్ కా మీఠా, ఎల్లుండి పూతరేకులు కూడా వద్దంటారు.

హైదరాబాద్, ఓరల్ మెడిసిన్ అధ్యాపకురాలు:
సార్, మిఠాయిల జోలికి ఎవరూ రాలేదు. భోజనంతోపాటు తిన్న తీపి కంటే, మధ్యమధ్యలో తినే అంటుకునే తీపే పళ్లను ఎక్కువగా పుచ్చిస్తుందని స్వీడన్‌లోని విపెహోల్మ్ అధ్యయనం 1950లలోనే తేల్చింది. (మానసిక వికలాంగుల మీద అలాంటి ప్రయోగం చేయడం మాత్రం ఘోరం.) పూతరేకులు విస్తట్లోనే వడ్డించండి, నేనూ తింటాను.

వక్క సంగతి వేరు. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 నివేదికలో స్పష్టంగా ఉంది. వక్క నమిలే అలవాటున్న, పాతికేళ్లు నిండని కుర్రవాళ్లు మా ఓపీకి వస్తారు. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోదు. బుగ్గ లోపల తడిమితే మెత్తగా ఉండాల్సిన చోట తాళ్లలా గట్టి పట్టీలు తగులుతాయి. మంటకు తట్టుకోలేక ఆవకాయ మానేశామంటారు. వక్క ఆపమంటే, ‘పెద్ద డాక్టర్లే వేసుకుంటారు కదా మేడమ్’ అని ఒకడు నన్నే అడిగాడు. వాడికి నేనేం చెప్పను?

నెల్లూరు, యువ వైద్యుడు:
మేడమ్ గారి మాటే నాదీ. కోలా పీహెచ్ (తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) 2.5 దగ్గర ఉంటుంది, 5.5 కంటే తగ్గితేనే ఎనామెల్, అంటే పంటి పైపొర, కరగడం మొదలవుతుంది. దాని బదులు మజ్జిగ పెట్టండి. తమలపాకులో సోంపు, యాలకులు, ఎండుకొబ్బరి చుట్టి ఇస్తే మర్యాదకూ లోటుండదు.

గుంటూరు, సీనియర్:
మజ్జిగకు ఒప్పుకుంటాను. వక్క లేని ఆకును కిళ్లీ అనడానికి మాత్రం నా మనసు ఒప్పుకోదు. అయినా ఆ కుర్రవాడి ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదమ్మా. స్టాల్ వద్దని కమిటీకి రాయండి, నేనూ సంతకం పెడతాను.