జడ కత్తిరించుకుంటాడా, దాచుకుంటాడా?

కాగితప్పడవ:
హైస్కూలు పిల్లల కోసం ఒక చారిత్రక నవల మొదలుపెట్టాను. 1872 నుంచి 1875 దాకా ఏటా 30 మంది చొప్పున చైనా అబ్బాయిల్ని అప్పట్లో ఆ దేశాన్నేలిన చింగ్ వంశపు ప్రభుత్వం చదువుకని అమెరికా పంపింది కదా, మా హీరో వాళ్లలో ఒకడు. గ్వాంగ్‌డాంగ్ పల్లెటూరి వాడు, కనెక్టికట్‌లో ఒక అమెరికన్ కుటుంబంతో ఉంటాడు. మూడో అధ్యాయంలో వాడు జడ కత్తిరించేసుకుంటాడు. కత్తెర చప్పుడు, అద్దం, నేలమీద జడ... రాత్రి రాసుకుని తెగ మురిసిపోయాను. పొద్దున చదివితే అనుమానం పట్టుకుంది. నిజంగా అంత తేలిగ్గా కత్తిరించుకుంటాడా?

పాతఅట్ట:
కత్తిరించుకోడండీ. చింగ్ రాజ్యంలో మగవాళ్లు జడ వేసుకుని తీరాలి, అది తీసేయడమంటే రాజద్రోహమే. కత్తిరించుకున్న కొందరిని చదువు మాన్పించి ఇంటికి పంపేశారు కూడా. మూడో అధ్యాయంలోనే ఆ పని చేయిస్తే మీ నవల నాలుగో అధ్యాయంలో ఓడెక్కేస్తుంది! వీళ్లకి బేస్‌బాల్ జట్టు ఉండేది. ఆడేటప్పుడు జడని టోపీలోకో చొక్కాలోకో తోసేసేవాళ్లు. పరుగు తీస్తుంటే చెమటకి వీపుకి అతుక్కుపోయే ఆ జడని రాయండి, కత్తెర అక్కర్లేదు.

సిరాబుడ్డి:
జడ సంగతి ఎవరైనా రాస్తారు. నన్నడిగితే అసలు కథ సొంత భాష మర్చిపోవడంలో ఉంది. పిల్లలు వంతులవారీగా కనెక్టికట్‌లోనే ఉన్న హార్ట్‌ఫర్డ్‌లో, వీళ్ల చదువులు చూసే ఆఫీసుకెళ్లి చైనీస్ పాఠాలు అప్పజెప్పాలి. ఆ భవనానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘నరకం’. మీవాడు అక్కడ కూర్చుని సొంత ఊరిపేరు రాయబోతే ఒక గీత ఎటు లాగాలో గుర్తు రాకూడదు. కుంచె పైకే ఉండిపోతుంది, సిరా చుక్క కాగితం మీద పడుతుంది.

కల్పన అనుకోకండి. వీళ్లని తీసుకొచ్చిన యుంగ్ వింగ్‌కే ఇలా జరిగింది. 1854లో అమెరికాలోని యేల్ కాలేజీలో పట్టా పుచ్చుకుని ఓడలో తిరిగొస్తున్నాడు. హాంకాంగ్ దగ్గర పడ్డాక, ఓడకి దారి చూపడానికి ఒక చైనీయుడు ఎక్కాడు. చుట్టుపక్కల ప్రమాదకరమైన రాళ్లు, ఇసుకమేటలు ఉన్నాయేమో అతన్ని అడగమన్నారు. యుంగ్ వింగ్‌కి ఒక్క మాటా నోటికి రాలేదు. దారి చూపేవాడికే ఇంగ్లీషు వచ్చు కాబట్టి సరిపోయింది. చివరికి ఆ మాటలు చైనీస్‌లో ఏమంటారో అతనే నేర్పాడు.

పాతఅట్ట:
అబ్బ, ఇది బాగుంది. ముగింపు మాత్రం తియ్యగా చెయ్యకండి. 15 ఏళ్లనుకున్న చదువుని 1881లో తెంచేసి వెనక్కి పిలిచారు. తిరుగు ఓడ కోసం కాలిఫోర్నియాలో ఆగినప్పుడు అక్కడి ఓక్లాండ్ జట్టుతో బేస్‌బాల్ ఆడి గెలిచారు. షాంఘైలో దిగితే స్వాగతాలేం లేవు, కాపలా పెట్టి ఒక భవనంలో ఉంచారు.

కాగితప్పడవ:
కత్తెర తీసేశాను. ఓడ ముచ్చట యుంగ్ వింగ్ చేతే మావాడికి చెప్పిస్తాను, అదీ ఆ ‘నరకం’లోనే, సిరా చుక్క పడిన కాగితం చూశాక. ఓక్లాండ్ ఆటలో జడ ఎక్కడ దాచాలన్నదే ఇంకా తేలలేదు. టోపీయా, చొక్కానా?

సిరాబుడ్డి:
ఆ ఒక్క ఆటకీ దాచొద్దు. ఎగరనివ్వండి.