అప్‌డేట్: ఖాట్మండు సంస్థలో ఇంటర్న్‌షిప్‌కి ముందు చూసుకోవాల్సినవి

ఖాట్మండులో మానవ హక్కుల మీద పనిచేసే చిన్న సంస్థలో మూడు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది, ఏం చూసుకోవాలని అడిగాను కదా. తేలినవి ఇవీ.

భారతీయులకి నేపాల్ వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకి ఆధార్ చెల్లదు.

అసలు పని సంస్థ కాగితాలు చూడటం. జిల్లా పరిపాలన కార్యాలయం ఇచ్చిన రిజిస్ట్రేషన్, సోషల్ వెల్ఫేర్ కౌన్సిల్ (స్వచ్ఛంద సంస్థల్ని చూసే నేపాల్ ప్రభుత్వ మండలి) అనుబంధ పత్రం, రెండింటి స్కాన్లూ అడగండి. పాత రిజిస్ట్రేషన్ ఒక్కటే చూపిస్తే సరిపోదు, రెన్యూవల్ ముద్ర ఎప్పటిదో చూడండి. తేదీలు నేపాల్ వాడే విక్రమ సంవత్ క్యాలెండర్‌లో ఉంటాయి, మన ఇంగ్లిష్ సంవత్సరంలోకి మార్చుకోవాలి. 2081 వైశాఖం అంటే 57 తీసేయాలి, 2024 ఏప్రిల్ అన్నమాట. మాఘం నుంచి చైత్రం వరకైతే 56 తీయాలి.

ఫీజు అడిగితే గదికెంత, భోజనానికెంత, సంస్థకెంత, మధ్యవర్తికెంత అని విడివిడిగా రాయించుకోండి. భారత రూపాయా, నేపాల్ రూపాయా అన్నది కూడా రాయించండి: మన 100 అంటే వాళ్ల 160.

అనాథాశ్రమంలో పని అంటే మాత్రం ఒప్పుకోకండి. అక్కడి పిల్లల్లో చాలామందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు. వాలంటీర్ల డబ్బు కోసం ఊళ్ల నుంచి పిల్లల్ని తెచ్చిన కేసులు బయటపడ్డాయి. ఇది నిజంగా బాధాకరం.

బాధితుల వాంగ్మూలం తీసుకోమన్నా వద్దనండి. శిక్షణ లేనివాళ్లు అదే ప్రశ్న మళ్లీమళ్లీ అడిగితే వాళ్ల మనసు గాయం తిరగబెడుతుంది. దానికి బదులు రిపోర్టులు ఇంగ్లిష్‌లోకి మార్చడం, కేసు ఫైళ్లు సర్దడం అడిగి తీసుకోండి.