ఆటోనా, పీ మోడా, ఏవీనా: బీచ్‌లో సూర్యోదయానికి ఏది పెట్టాలి?

భీమిలి కుర్రాడు: అమ్మానాన్నల్ని ఆర్కే బీచ్‌లో సూర్యోదయం వేళ తీయాలి, అక్కణ్నుంచి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తాం. కెమెరా కొత్తది, దానితో వచ్చిన 18-55 కిట్ (జూమ్) లెన్సు. డయల్ మీద ఏది పెడితే టెన్షన్ ఉండదు?

సాగరతీరం: ఏవీ మోడ్ పెట్టు తమ్ముడూ, లెన్సు ఎంత తెరుచుకోవాలో మనం చెబుతాం, షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది. మన దగ్గర పొద్దున్న సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు కాబట్టి కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఆ వెలుగు చూసి మొహాల్ని నల్లగా చేసేస్తుంది. ప్లస్ 1 కాంపెన్సేషన్ ఇస్తే, అంటే మీటరు చెప్పినదానికి రెట్టింపు వెలుగు ఇమ్మంటే, తేలతాయి. చాలా కెమెరాల్లో, అన్నీ కెమెరానే చూసుకునే ఆకుపచ్చ ఆటోలో అది ఇవ్వనివ్వరు, పైగా ఫ్లాష్ దానంతటదే లేస్తుంది.

గాజువాక లెన్స్: ప్లస్ 1 పీలోనూ ఇవ్వొచ్చు కదండీ, అందులో లెన్సు తెరుపు, షట్టర్ వేగం రెండూ కెమెరానే ఎంచుతుంది. ఐఎస్ఓ, అంటే వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలన్నది, మన చేతిలోనే ఉంటుంది. చక్రం తిప్పితే ఎఫ్ 8 తెరుపు, 1/125 సెకను షట్టర్ కాస్తా ఎఫ్ 5.6, 1/250 అవుతుంది, పడే వెలుగు అంతే. ఆ లెన్సు పూర్తిగా జూమ్ చేస్తే, 55 దగ్గర, 5.6 కన్నా (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ తెరుపు ఎక్కువ) తెరుచుకోదు, ఇక ఏవీలో అతను ఎంచుకునేది ఏముంది?

సాగరతీరం: కొన్ని కెమెరాల్లో మీటరు ఆగగానే మీరు తిప్పింది పోతుంది. ఏవీలో పెట్టింది పెట్టినట్టు ఉంటుంది.

గాజువాక లెన్స్: మళ్లీ తిప్పుకుంటాడు!

సాగరతీరం: ప్రతి ఫోటోకీనా?

పెందుర్తి అక్క: హార్బర్‌లో బుట్టలు విసిరే చేతులు ఆగాలంటే షట్టర్ వేగం మనమే పెట్టే టీవీ మోడ్, 1/500 సెకను. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ పెంచు బాబూ.

సాగరతీరం: మా అమ్మాయి పెళ్లికి డబ్బులిచ్చి పెట్టుకున్నవాడు అంతా ఆటోలోనే తీశాడు. జీలకర్ర బెల్లం పెట్టే ఫోటోలో ఫ్లాష్ పేలి పిల్ల మొహం సున్నం కొట్టినట్టు వచ్చింది. అది మళ్లీ తీయగలమా? నేర్చుకోకుండా కెమెరా పట్టుకోవడం నాకు అందుకే నచ్చదు.

గాజువాక లెన్స్: అతను డబ్బు తీసుకున్నాడు, ఈ కుర్రాడు తీసుకోవట్లేదు. కైలాసగిరి ఫోటోవాక్‌లో ఒక పెద్దాయన నా డయల్ చూసి అందరి ముందూ నవ్వాడు, ఆ తర్వాత ఏడాది పాటు కెమెరా బీరువాలోనే ఉంది. మీరు మోడ్ గురించి మాట్లాడట్లేదండీ, ఎవరికి కెమెరా పట్టుకునే అర్హత ఉందో తేల్చేస్తున్నారు. అమ్మానాన్నల్ని నీళ్లలో నిలబెట్టి పాఠం నేర్చుకోమంటారా?

సాగరతీరం: ముందు రోజు సాయంత్రం మేడ మీద నేర్చుకోమంటాను. ఆ ఫోటో చెడితే బాధపడేది అతనే.

భీమిలి కుర్రాడు: ఇవాళ మేడ మీద రెండూ ప్రయత్నిస్తానండి. పొద్దున్నకి మాత్రం పీ, ప్లస్ 1.

సాగరతీరం: సరే. కెమెరా పట్టిన వివరమంతా దాచే రా ఫార్మాట్ కూడా ఆన్ చేసుకో, మొహాలు కాస్త నల్లబడినా తర్వాత లాగొచ్చు.