కొత్త కాయిల్ వేసినా మాడు రుచి ఎందుకు వస్తోంది?

ప్రశ్న: మాది తిరుపతి, ఉద్యోగరీత్యా బర్మింగ్‌హామ్‌లో ఉంటూ, సిగరెట్టు మానడానికి వేప్ (ఈ-సిగరెట్) వాడుతున్నాను. అందులో ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా మార్చే తీగచుట్ట, అంటే 0.4 ఓమ్‌ల కాయిల్‌ను 65 వాట్ల వద్ద పెడితే, మార్చిన రోజే గొంతులో మాడిన దూది రుచి తగులుతోంది. లోపం పరికరంలో ఉందా, నా అమరికలో ఉందా?

జవాబు: ముందుగా కాయిల్ మీద ముద్రించిన అంకెలు చూడండి, 50–60 వాట్లు అని ఉంటే మీరు హద్దు దాటినట్లే. రంధ్రాలలో కనిపించే తెల్లని దూదిపై వేప్ ద్రవం నాలుగు చుక్కలు వేసి, ట్యాంకు నింపి, పది నిమిషాలు ఆగిన తరువాత తక్కువ వాట్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. ద్రవం అందకముందే తీగ వేడెక్కితే దూది మాడుతుంది, అలా మాడినది వాట్లు తగ్గించినా బాగుపడదు కనుక ఆ కాయిల్‌ను పారేయవలసిందే.

మరొక జవాబు: వాట్లు సరిగా ఉంటే ద్రవాన్ని అనుమానించండి. తీపి ఎక్కువైనవి అడుగంటిన పాకంలా తీగపై నల్లగా పేరుకుంటాయి. వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్) శాతం ఎక్కువైన చిక్కని ద్రవమైతే దూదిలోకి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి, వెంటవెంటనే పీల్చకండి.

చిత్తూరు నుంచి: సెలవులకు వచ్చేటప్పుడు వేప్‌ను అక్కడే వదిలి రండి. 2019 నాటి చట్టం ఈ-సిగరెట్ల దిగుమతిని, అమ్మకాన్ని, నిల్వను నిషేధించింది. అలిపిరి తనిఖీలో మామూలు సిగరెట్టు పెట్టెనే కొండపైకి పోనివ్వరు కదండీ.