గోదాము బిళ్ళలు: కొట్లో అమ్మనివ్వాలా, లైసెన్సు ఉన్నవాళ్లకే వదలాలా?

వన్‌టౌన్ బియ్యం
పురుగు పట్టిన బియ్యానికి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు కొట్లలో దొరక్కుండా చెయ్యాలంటున్నారు. విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర ఐదారు టన్నులు నిల్వ చేసే చిన్న వ్యాపారి సంగతేంటి? ఈ మందు పెట్టే లైసెన్సున్న ఆపరేటర్లు పోర్టు సరుక్కీ, పెద్ద గోదాములకీ వెళ్తారు గానీ ఒక్క నెట్టు (పేర్చిన బస్తాల దొంతర) కోసం కదలరు. నిషేధం పెడితే చాటుగా అమ్ముతారు, అంతే.

మొక్కల రక్షణ
కొత్తగా పెట్టేదేం లేదండీ. 1968 క్రిమిసంహారక మందుల చట్టం కింద ఈ మందు ప్రభుత్వ సంస్థలకీ, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకీ తప్ప అమ్మకూడదు. 3 గ్రాముల బిళ్ళలు 10, 20 పట్టే గొట్టాల ప్యాకింగును 2001లోనే నిషేధించారు. ఎందుకో లెక్క చూడండి. ఒక బిళ్ళ 1 గ్రాము ఫాస్ఫీన్ అనే విషవాయువు వదుల్తుంది. నీళ్లు అక్కర్లేదు, గాలిలో తేమ చాలు; మన సముద్రపు గాలికి ఇంకా త్వరగా వదుల్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న మూసిన గదిలో ఒక్క బిళ్ళ పూర్తిగా విడితే సుమారు 25 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల పాళ్లకి 25 పాళ్లు. ఎనిమిది గంటల పనికి పరిమితి 0.3. కింద కొట్టు, పైన కాపురం ఉన్నచోట ఆ గ్యాస్ మిద్దె సందుల్లోంచి, వైర్ల గొట్టాల్లోంచి పైకి పోతుంది. నిద్రలో ఉన్నవాళ్లకి తెలియదు.

గోదాము సూపర్‌వైజర్
చాటుగా కొన్నవాళ్లు ఎక్కడ తప్పుతారో చెప్తాను. కవర్ కప్పిన నెట్టుకి టన్నుకి 3 బిళ్ళలు, అంచుల మీద సందు లేకుండా ఇసుక సంచులు, ఏడు రోజులు కదపకూడదు. కొట్లలో చిరిగిన టార్పాలిన్ కప్పి, అంచుకి నాలుగు ఇటుకలు పెడతారు. గ్యాస్ నిలవదు. పైకి కనిపించే ముక్కపురుగు చస్తుంది, గింజలోపలి గుడ్లు, ప్యూపాలు (పురుగుగా మారబోయే గూటి దశ) బతుకుతాయి. నెల తిరిగేసరికి మళ్ళీ పురుగు. మందులో పస లేదని ఈసారి రెట్టింపు పెడతారు. చాలీచాలని మోతాదుకి బతికిన పురుగుల సంతతే మందుకి లొంగకుండా తయారవుతుంది, అది పెద్ద గోదాములకీ పాకుతుంది.

బిళ్ళలన్నీ ఒకేచోట కుప్ప పోస్తే వేడెక్కి అంటుకోవచ్చు. మిగిలిన బూడిదలోనూ కొంత మందు ఉంటుంది, దాన్ని మురిక్కాలువలో పోయడం ఘోరం. వెల్లుల్లి వాసన లేదు కాబట్టి గ్యాస్ లేదనుకోవడం మరీ ప్రమాదం. ఆ వాసన మలినాలది, ధాన్యం దాన్ని ముందే పీల్చేసుకోవచ్చు. గ్యాస్ కొలిచే మీటరు పెట్టి చూడాల్సిందే.

వన్‌టౌన్ బియ్యం
పైన కాపురం సంగతి కాదనను. మరి బదులేది? గాలి చొరని సంచులంటారా, కళాసీల కొక్కెం ఒక్కసారి దిగితే ఆ సంచి ఎందుకూ పనికిరాదు.

మొక్కల రక్షణ
నిజమే. అందుకే మార్కెట్ యార్డులో ఉమ్మడి ఫ్యూమిగేషన్ (గ్యాస్‌తో పురుగు చంపే) షెడ్డు కావాలంటాను. ఒక ఆపరేటర్, ఒక మీటరు, చిల్లుల్లేని కవర్లు. షెడ్డు కట్టకుండా బిళ్ళలమ్మే కొట్ల మీద దాడులు మాత్రమే చేస్తే మీరన్నదే జరుగుతుంది.

వన్‌టౌన్ బియ్యం
అయితే షెడ్డు ముందు, దాడులు తర్వాత.

గోదాము సూపర్‌వైజర్
ఒప్పుకోను. పైన మనుషులుండే కొట్లలో బిళ్ళ ఇవాళే ఆగాలి. షెడ్డు వచ్చేదాకా పది కొట్లవాళ్లు కలిసి ఒక ఖాళీ గోదాము తీసుకోండి, టన్నులు పెరిగితే ఆపరేటర్లూ వస్తారు. దాన్ని ఆనుకుని ఇళ్లు ఉండకూడదు. తలుపుకి హెచ్చరిక బోర్డు పెట్టాలి, మీటరు 0.3 లోపు చూపేదాకా తాళంచెవి ఆపరేటర్ దగ్గరే ఉండాలి.