ఆఫీసు ఫొటోలకి ముందు ఉద్యోగులకి సూచనలు పంపాలా? పంపితే ఎంతవరకు?

పాలపిట్ట (చర్చ మొదలుపెట్టినవారు)

మా ఆఫీసులో వచ్చే వారం అందరికీ పోర్ట్రెయిట్లు తీయిస్తున్నారు. వెబ్‌సైటుకి, లింక్డిన్‌కి పనికొచ్చేలా భుజాల దాకా వచ్చే ఫొటోలు. మనిషికి పది నిమిషాలు. ముందుగా అందరికీ ఒక మెయిల్ పెట్టే పని నా నెత్తిన పడింది. మా మేనేజర్ గారు ఇచ్చిన డ్రాఫ్టు రెండు పేజీలుంది. ఏ రంగు చొక్కా, జుట్టు ఎలా, గడ్డం ఎంత, చివరికి "హుందాగా చిరునవ్వు" దాకా అన్నీ రాసేశారు. అది బయటికి పొక్కగానే టీములో సగం మంది "ఉద్యోగం చేయడానికొచ్చామా, వేషాలు వేయడానికొచ్చామా" అని మొదలుపెట్టారు. మిగతా సగం మందేమో "ఏం వేసుకు రావాలో ఎవరూ చెప్పరేం" అంటున్నారు.

అసలు ఇలాంటి మెయిల్ పంపాలా? పంపితే ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

కెమెరావెనక

పంపాలండీ, తప్పకుండా. నా వృత్తే ఇది కాబట్టి నిర్మొహమాటంగా చెప్తాను. ముందు చెప్పకపోతే ఆ పది నిమిషాల్లో సగం చొక్కా ముడతలు సర్దడానికే పోతుంది.

సన్న గీతలు, సన్న గళ్లు ఉన్న బట్టలు వద్దంటాం. ఎందుకో తెలిస్తే ఎవరూ కోపం తెచ్చుకోరు. కెమెరా సెన్సర్ మీద పిక్సెళ్లు గడుల్లా వరసగా ఉంటాయి. చొక్కా గీతలు ఆ గడులతో కలిసి, బట్ట మీద అసలు లేని అలలు, రంగుల చారలు పుట్టిస్తాయి. మోయిరే అంటాం దాన్ని. ఒక్కోసారి పెద్ద ఫొటోలో కనపడదు, వెబ్‌సైటు కోసం చిన్నది చేయగానే తేలుతుంది. సాఫ్ట్‌వేర్‌లో తీసేయొచ్చు గానీ, మనిషి మనిషికీ ఆ పని ఎవరు చేస్తారు?

తెల్ల బ్యాక్‌డ్రాప్ ముందు తెల్ల చొక్కా వేసుకుని నిలబడితే భుజాల అంచులు కలిసిపోతాయి. ముదురు బ్యాక్‌డ్రాప్ ముందు నల్ల కోటుదీ అదే కథ. కళ్లు జిగేల్‌మనే పచ్చ రంగు వేసుకుంటే దవడ కింద ఆ పచ్చదనం పడుతుంది. ఇవన్నీ వెలుతురు సంగతులు, మనిషి అందచందాల సంగతి కాదు.

జీతగాడు

బట్ట గురించి మీరు చెప్పినంతా ఒప్పుకుంటా. కానీ ఆఫీసు మెయిల్ అక్కడితో ఆగుతుందా అన్నదే నా అనుమానం. పాలపిట్ట గారి మేనేజరు గడ్డం దాకా వచ్చేశారు చూడండి.

పాత ఆఫీసొకటి, పేరొద్దు. "జుట్టు పద్ధతిగా ఉండాలి" అని ఒక్క వాక్యం రాశారు, అంతే. మా టీములో ఒకావిడది రింగుల జుట్టు. పొద్దున్నే లేచి స్ట్రెయిట్నర్‌తో కుస్తీ పట్టి, చదునైన జుట్టుతో వచ్చింది. ఫొటో చక్కగా వచ్చింది, అందులో ఆవిడే లేదు. వెబ్‌సైటులో ఆ ఫొటో చూసి మీటింగుకి వచ్చిన క్లయింట్లు ఎదురుగా కూర్చున్న మనిషిని పోల్చుకోలేక పక్కావిడకి నమస్కారం పెట్టారు. ఈ ఫొటో తీయించేదే మనిషిని గుర్తుపట్టడానికి. ఇక సూచన ఏం సాధించినట్టు?

ఆ మాటా అమ్మాయిలకి ఒకలా తగులుతుంది, అబ్బాయిలకి ఒకలా. మగవాళ్లకి "ఇస్త్రీ చొక్కా" అని రెండు ముక్కలు. ఆడవాళ్లకి మేకప్, నగలు, మెడ ఎంత కనపడాలి అని ఒక పేరా. ఇలాంటి మెయిళ్లు నేను చాలానే చూశాను.

కళ్లజోడు

నా బాధ ఇక్కడ చెప్పుకుంటా. ప్రతిసారీ "అద్దాలు తీసేయండి, మెరుస్తున్నాయి" అంటారు. తీస్తే ముక్కుకి అటూ ఇటూ రెండు నొక్కులు, పైగా ఎదుటివాళ్లు సరిగ్గా కనపడక కళ్లు చికిలిస్తూ నేను. ఆఫీసులో అద్దాలు లేకుండా నన్నెవరూ చూడలేదు. ఇది సూచనల్లో రాస్తారా, పని చేతకాక అంటారా?

కెమెరావెనక

@కళ్లజోడు గారూ, రోజూ పెట్టుకునేవాళ్లు పెట్టుకునే రావాలి. మెరుపు పోగొట్టడం మా పని. లైటుని ఇంకాస్త పైకెత్తాలి. అద్దాల కాళ్లని చెవుల మీద నుంచి ఒక్క వెంట్రుకవాసి పైకి లేపితే గాజులు కిందికి వాలతాయి, లైటు మెరుపు కెమెరాలోకి రాకుండా నేల వైపు పోతుంది. ఫొటోలో ఆ తేడా కనపడదు. యాంటీ రిఫ్లెక్షన్ కోటింగు ఉంటే మెరుపు తగ్గుతుంది గానీ ఆకుపచ్చో ఊదారంగో ఛాయ మిగులుతుంది, అందుకే కోణం కూడా చూసుకోవాలి.

ఒక్క సూచన మాత్రం మెయిల్లో రాయాల్సిందే. ఎండలో నల్లబడే గాజులైతే బయటి నుంచి తిన్నగా కెమెరా ముందుకి రాకండి. లోపల కాసేపు కూర్చుంటే మళ్లీ తేటబడతాయి.

@జీతగాడు గారూ, రింగుల జుట్టు సంగతి చదివి నాకూ బాధేసింది. అయినా జుట్టు ఊసే ఎత్తకూడదంటే ఎలా? "కత్తిరించుకునే ఉద్దేశం ఉంటే ఓ వారం ముందు కత్తిరించుకోండి" అంటే తప్పేముంది? ఫొటో రోజు పొద్దున కత్తిరించుకొస్తే చెవుల పైన తెల్లటి చర్మం గీత గీసినట్టు కనపడుతుంది.

జీతగాడు

"ఉద్దేశం ఉంటే" అని మీరు రాస్తారు. మేనేజరు చేతిలో పడేసరికి ఆ రెండు మాటలూ ఎగిరిపోతాయి. నా భయమంతా అదే.

చదువరి

ఆఫీసులు ఎందుకింత పట్టించుకుంటాయో ఆ కోణం కూడా చూద్దాం. 2006లో విల్లిస్, టొడొరోవ్ అనే ఇద్దరు పరిశోధకులు ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటోలు సెకనులో పదో వంతు సేపు చూపించి, నమ్మదగిన మనిషేనా, సమర్థుడేనా అని అడిగారు. తీరిగ్గా చూసినవాళ్లు ఏమన్నారో, ఆ క్షణంలో చూసినవాళ్లూ దాదాపు అదే అన్నారు. క్లయింటు వెబ్‌సైటు తెరవగానే జరిగేదీ ఇదే. కాబట్టి ఫొటో బాగుండాలని కంపెనీ అనుకోవడంలో తప్పు లేదు.

జీతగాడు

ఆ అంచనా నిజమని వాళ్లు తేల్చలేదు కదండీ. తొందరగా అనుకుంటారని మాత్రమే తేల్చారు. ఎదుటివాడి తొందరపాటుకి నేను గడ్డం గీసుకోవాలా?

చదువరి

హహ, ఒప్పుకుంటున్నా. అయితే మీకు నచ్చని ఇంకో సంగతి వినండి. 2017లో ఒక అధ్యయనం వచ్చింది. ప్రొఫైల్ ఫొటో ఎంచుకోమంటే, మన ఫొటోల్లోంచి మనం ఎంచుకున్నవాటి కన్నా అపరిచితులు ఎంచినవే చూసేవాళ్లకి మెరుగ్గా అనిపించాయట. అంటే "ఏ ఫొటో వాడాలో ఉద్యోగే తేల్చాలి" అన్న వాదన వినడానికి బాగుంటుంది గానీ, ఫలితం అంత బాగుండకపోవచ్చు.

మన ఫొటో మనకే నచ్చకపోవడానికి ఒక పాత కారణముంది. రోజూ అద్దంలో చూసుకునేది కుడి ఎడమలు తారుమారైన మొహం. 1977 నాటి ప్రయోగంలో మనుషులకి తమ అద్దపు రూపమే నచ్చింది, వాళ్ల స్నేహితులకి అసలు రూపం నచ్చింది.

కెమెరావెనక

ఇది నాకు రోజూ అనుభవమే. "నా మూతి వంకరగా ఉంది" అంటారు. లేదు, రోజూ చూసుకునే వైపు కాదంతే. ఇంకో గొడవ సెల్ఫీతో. ఫోను చేతి దూరంలోనే ఉంటుంది కాబట్టి ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తాయి. ఇంట్లో సెల్ఫీలు తీసుకుని బెంగపడి వస్తారు. మేం మనిషికి రెండు మీటర్ల అవతల నిలబడి, అంత దూరం నుంచీ మొహాన్ని దగ్గరగా చూపే 85 నుంచి 135 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తాం. ఆ దూరంలో మొహం కొలతలు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి.

ఎంపిక సంగతికొస్తే నా పద్ధతి ఇది. కెమెరాని లాప్‌టాప్‌కి కలిపి, తీసినవి తీసినట్టు వాళ్లకే చూపిస్తా. వాళ్లు మూడు ఎంచుకుంటారు, ఆ మూడింట్లో ఆఫీసు ఒకటి తీసుకుంటుంది. మనిషికి అస్సలు నచ్చనిది బయటికి పోదు.

పుట్టుమచ్చ

అందరూ ముందు సంగతే మాట్లాడుతున్నారు. తర్వాత ఏం చేస్తారో కూడా ముందే చెప్పాలి కదా? నా ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంది. పోయినసారి ఆఫీసు ఫొటోలో అది లేదు. ఎవరూ అడగలేదు, "శుభ్రం చేశాం" అన్నారు. ఆ మాటకి నాకు వచ్చినంత కోపం, చొక్కా రంగు గురించి పది పేజీలు రాసినా వచ్చేది కాదు.

కెమెరావెనక

మాలో చాలామంది పాటించే కొలత ఒకటుంది. రెండు వారాల్లో పోయేదైతే తీసేయొచ్చు, ఉండిపోయేదైతే ముట్టుకోకూడదు. మొటిమ పోతుంది, పుట్టుమచ్చ, గాటు, తెల్లమచ్చ ఉంటాయి. చర్మం రంగు తెల్లగా మార్చడమైతే ఎవరడిగినా చెయ్యను. మీ విషయంలో చేసింది తప్పే.

జీతగాడు

ఇది మెయిల్లో మొదటి వరసలో ఉండాలి. ఇంకోటి, ఫొటో వద్దనేవాళ్లు. పీడించే మాజీ భాగస్వామి నుంచి తప్పించుకు తిరుగుతున్న మనిషి తన మొహం, పనిచేసే చోటు ఒకే పేజీలో ఉండకూడదనుకోవచ్చు. ఆ కారణం ఆవిడ మేనేజరుకి వివరించాల్సిన పని లేదు. "ఇష్టం లేకపోతే ఒక్క ముక్క చెప్పండి, కారణం అక్కర్లేదు" అని రాయండి.

చదువరి

అలా అంటే సగం మంది మానేస్తారు, టీము పేజీలో సగం బూడిదరంగు బొమ్మలు మిగులుతాయి.

జీతగాడు

మిగలనివ్వండి. అంతమంది మానేశారంటే ఆఫీసు ఆలోచించుకోవాల్సింది ఫొటో గురించి కాదు.

పాలపిట్ట

అందరికీ థాంక్స్. రెండు పేజీలు పక్కన పెట్టి ఇలా రాశాను, చూడండి:

"బుధవారం ఫొటోలు తీస్తారు. అవి వెబ్‌సైటులో, లింక్డిన్‌లో మాత్రమే వాడతాం. మీరు ఉద్యోగం మానేసిన రోజు తీసేస్తాం. వద్దనుకుంటే నాకు ఒక్క మాట చెప్పండి, కారణం అడగను. తీసినవి మీకే చూపిస్తారు, మీరు మూడు ఎంచండి. మీ మొహం మీద శాశ్వతంగా ఉన్నవేవీ చెరపరు. ఆఫీసుకి మీరు మామూలుగా ఎలా వస్తారో అలాగే రండి. సన్న గీతలు, సన్న గళ్లు ఉన్న బట్టలు కెమెరాలో చెడిపోతాయి, ఒకే రంగువి మేలు. రోజూ కళ్లజోడు పెట్టుకునేవాళ్లు పెట్టుకునే రండి. ఇస్త్రీ పెట్టె, దువ్వెన, అద్దం, జిడ్డు అద్దే కాగితాలు గది బయట ఉంటాయి."

జుట్టు, గడ్డం, చిరునవ్వు మొత్తం ఎగిరిపోయాయి. మేనేజర్ గారు "చిరునవ్వు మాత్రం ఉంచమ్మా" అంటున్నారు.

కెమెరావెనక

మెయిల్లో రాస్తే నవ్వు రాదని చెప్పండి. 1862లోనే డ్యుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు రాశాడు, నిజంగా నవ్వితే కళ్ల చుట్టూ ఉన్న కండరం కదులుతుంది, కావాలని నవ్వితే అంత తేలిగ్గా కదలదని. నవ్వించడానికి నేనున్నాగా.

మెయిల్లో ఒకటి మర్చిపోయారు. బ్యాక్‌డ్రాప్ రంగేమిటో రాయండి. అది తెలియకుండా "ఒకే రంగు" అంటే సగం మంది తెల్ల చొక్కాలో వస్తారు.

జీతగాడు

రంగు చెప్పండి, ఏది వేసుకోవాలో మాత్రం చెప్పకండి.

పాలపిట్ట

లేత బూడిదరంగట, ఇప్పుడే కనుక్కున్నా. "బ్యాక్‌డ్రాప్ లేత బూడిదరంగు, ఆ రంగు బట్టలు అందులో కలిసిపోతాయి" అని రాసి పంపేస్తున్నా.